కాలేజీ ల్యాబులో క్రిప్టో మైనింగ్: ఆదోని నుంచి ఒక తండ్రి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ చదివి, రెండేళ్లుగా కర్నూలులో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో సిస్టమ్ అడ్మిన్‌గా పనిచేస్తున్నాడు. జీతం 16 వేలు. ఆరు నెలల కిందట సర్వర్ పార్టులు కొనాలని నా దగ్గర డబ్బు తీసుకున్నాడు. మొన్న ఇంటికొచ్చినప్పుడు ఫోన్‌లో ఏదో యాప్ పదేపదే చూస్తుంటే గట్టిగా అడిగాను. బిట్‌కాయిన్ మైనింగ్ కోసమే తయారైన పాత ఆంట్‌మైనర్ ఎస్9 మెషిన్లు రెండు కొని, కాలేజీ సర్వర్ రూములో ర్యాకు వెనకాల పెట్టాడట. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ల్యాబులోని 40 కంప్యూటర్లలో మొనెరో అనే కాయిన్ మైనింగ్ కూడా నడుపుతున్నాడట. నెలకు ఐదారు వేలు వస్తోందట. "రాత్రిపూట ఖాళీగా పడుండేవే కదా నాన్నా, ఎవరికి నష్టం?" అంటున్నాడు. ఇది నేరమా? మెషిన్లు గుట్టుగా తీసేసి, రాజీనామా చేసి హైదరాబాద్ వెళ్లిపొమ్మనాలా? వాడేమో దీన్ని బ్లాక్‌చెయిన్ (క్రిప్టో కాయిన్ల వెనక ఉండే టెక్నాలజీ) అనుభవంగా రెజ్యూమెలో రాసుకుంటానంటున్నాడు. నేనే వెళ్లి ప్రిన్సిపాల్‌తో మాట్లాడాలా?

జవాబు: ముందుగా ఒక పని. ఈ ఉత్తరం చదవడం ఆపి మీ వాడికి ఫోన్ చేయండి. రెండు మెషిన్లూ ఆఫ్ చేయమనండి. ల్యాబులో రాత్రిపూట నడిచే ప్రోగ్రామ్‌ను ఆపేయమనండి. ఆపడం వరకే. దేన్నీ డిలీట్ చేయొద్దు, ఏ కంప్యూటర్‌నూ ఫార్మాట్ కొట్టొద్దు, ఫైర్‌వాల్ లాగుల (నెట్‌వర్క్‌లో రాకపోకల రికార్డుల) జోలికి అసలు వెళ్లొద్దు. ఎందుకో కిందికి వెళ్లేకొద్దీ మీకే తెలుస్తుంది.

"ఎవరికి నష్టం" అన్నాడు కదా, ఆ మాట దగ్గరే మొదలుపెడదాం. ఎస్9 మెషిన్ సుమారు 1,350 వాట్లు తాగుతుంది. రోజంతా నడిస్తే 32 యూనిట్లు పైనే. రెండు మెషిన్లకు రోజుకు దాదాపు 65 యూనిట్లు. ల్యాబు కంప్యూటర్ ప్రాసెసర్ పూర్తి లోడు మీద నడిస్తే ఒక్కోటి సుమారు 100 వాట్లు అనుకుందాం. 40 కంప్యూటర్లు తొమ్మిది గంటలకు 36 యూనిట్లు. అన్నీ కలిపి నెలకు 3,000 యూనిట్లు. యూనిట్ తొమ్మిది రూపాయలని వేసుకున్నా 27 వేలు. అంటే కాలేజీ మీ వాడికి నెలకు ఇచ్చే జీతం కన్నా మీ వాడు కాలేజీ చేత కట్టించే కరెంటు బిల్లే ఎక్కువ. సర్వర్ రూము ఏసీ ఆ వేడిని బయటికి తోయడానికి పడే అదనపు భారం ఇందులో కలపలేదు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండలు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు.

మరి చేతికొచ్చేది ఎంత? మైనింగ్ అంటే మెషిన్ల చేత ఎడతెగని లెక్కలు చేయించి, బహుమతిగా కొత్త కాయిన్లు పొందడం. 2024 ఏప్రిల్‌లో బిట్‌కాయిన్ మైనర్లకు ఇచ్చే బహుమతి సగానికి తగ్గింది. అప్పటి నుంచి ప్రపంచం మొత్తానికీ కలిపి రోజుకు పుట్టే కొత్త బిట్‌కాయిన్లు సుమారు 450. ఆ 450 కోసం పోటీపడే మెషిన్ల మొత్తం వేగం 2024 మధ్యనాటికే సెకనుకు దాదాపు 600 ఎక్సాహాష్‌లు, అంటే 60 కోట్ల టెరాహాష్‌లు (ఒక టెరాహాష్ అంటే లక్ష కోట్ల లెక్కలు). ఒక ఎస్9 వేగం 13.5 టెరాహాష్‌లు. ఆ వాటా ప్రకారం, బిట్‌కాయిన్ ధర 50 లక్షలనుకుంటే, ఒక మెషిన్‌కు రోజుకు వచ్చేది 50 రూపాయలు. ఆ 50 రూపాయల కోసం తగలబెట్టే కరెంటు ఖరీదు 290 రూపాయలు. సొంత ఇంట్లో, సొంత మీటరు మీద ఎవరూ ఇలా చేయరు, చేస్తే నెల తిరక్కుండానే ఆపేస్తారు. మీ వాడికి లాభంలా కనబడుతోందంటే బిల్లు వేరేవాళ్లు కడుతున్నారు కాబట్టే. ఈ లెక్క కాగితం మీద రాసి వాడి ముందు పెట్టండి. చదువుకున్నవాడు, కూడికలు తీసివేతలు వచ్చినవాడు, అర్థం చేసుకుంటాడు.

ఇలాంటి లెక్కే అమెరికాలో ఒకటి బయటపడింది. అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో నడిచే సూపర్‌కంప్యూటర్లను ఒక పరిశోధకుడు రెండు యూనివర్సిటీల్లో బిట్‌కాయిన్ల కోసం వాడుకున్నట్టు 2014లో తేల్చారు. అతనికి దక్కినవి 8 నుంచి 10 వేల డాలర్ల విలువైన కాయిన్లు, వాడేసిన కంప్యూటర్ సమయం విలువ లక్షన్నర డాలర్ల పైమాటే. ఆ తర్వాత ప్రభుత్వ నిధులతో పరిశోధన చేసే దారే మూసుకుపోయింది. 2018లో రష్యాలోని సరోవ్ అణు పరిశోధన కేంద్రంలో ఇంజినీర్లు అక్కడి సూపర్‌కంప్యూటర్‌తో మైనింగ్ చేయబోయి అరెస్టయ్యారు. వాళ్లూ చదువు లేనివాళ్లేం కాదు.

డబ్బు కన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టిన విషయాలు రెండున్నాయి.

మొదటిది ఆ ప్లగ్గు. 1,350 వాట్లంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 5.9 ఆంపియర్లు. మామూలు ప్లగ్ సాకెట్ తట్టుకునేదే 6 ఆంపియర్లు. అంటే ఆ సాకెట్ రాత్రీ పగలూ తన అంచు మీద పనిచేస్తోంది. ర్యాకు వెనకాల దాచిపెట్టాడంటే మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద పెట్టాడేమోనని నా అనుమానం. పిన్ను కాస్త వదులుగా ఉంటే చాలు, అక్కడ వేడి పుడుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది. ఆదివారం అర్ధరాత్రి సర్వర్ రూములో పొగ వస్తే చూసే నాథుడెవరు? ఫోన్ చేసినప్పుడు వాడిని ముందు ఈ ప్లగ్గు సంగతే అడగండి.

రెండోది యాంటీవైరస్. మొనెరో మైనింగ్ ప్రోగ్రామ్‌ను పెట్టగానే విండోస్ డిఫెండర్ పట్టుకుని పక్కన పడేస్తుంది. అది రాత్రంతా నడుస్తోందంటే, ఆ ఫోల్డర్‌ను స్కాన్ చేయొద్దని మీ వాడు 40 కంప్యూటర్లలోనూ మినహాయింపు పెట్టి ఉండాలి. అంటే ప్రతి కంప్యూటర్లో కాపలా లేని గది ఒకటి తయారైంది. పిల్లలు పెన్‌డ్రైవ్‌లు గుచ్చే ల్యాబు అది. రేపు ఎవరి వైరస్సో వచ్చి అదే ఫోల్డర్లో కూర్చుంటే పట్టుకునేవాడు లేడు. అదే నెట్‌వర్క్‌లో పిల్లల మార్కులు, ఫీజు వివరాలు, ఆధార్ కాపీలు ఉంటాయి. మీ వాడు దొంగతనంగా డేటా తీయలేదు, నమ్ముతాను. కానీ తీయాలనుకునేవాడికి తలుపు తెరిచిపెట్టాడు. ఆ తలుపు కాయడమే వాడి ఉద్యోగం.

దొరకడన్న ధీమా కూడా వద్దు. మైనింగ్ మెషిన్ పంపే డేటా తక్కువే, కానీ తెంపు లేకుండా పంపుతుంది. ఒకే బయటి చిరునామాతో రాత్రింబవళ్లు మాట్లాడుతూనే ఉంటుంది. ఫైర్‌వాల్ రిపోర్టు తెరిచిన ఏ ఆడిటరుకైనా అది కళ్లకు కొట్టినట్టు కనబడుతుంది. అలా కనబడినప్పుడు "మనవాడే ఎవడో చేశాడు" అని ఎవరూ అనుకోరు, హ్యాకర్ చొరబడ్డాడనే అనుకుంటారు. అలా అనుకోవడానికి కారణం ఉంది. 2018లో తిరుపతి మున్సిపల్ కార్పొరేషన్, మాచర్ల మున్సిపాలిటీ సహా మన రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్లు కొన్నింటిలో కాయిన్‌హైవ్ అనే మైనింగ్ స్క్రిప్ట్‌ను ఎవరో చొప్పించినట్టు సెక్యూరిటీ పరిశోధకులు బయటపెట్టారు. సైట్ చూడ్డానికి వచ్చినవాళ్ల కంప్యూటర్లు వాళ్లకు తెలియకుండానే ఎవరి కోసమో మొనెరో తవ్వాయి. పైగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సైబర్ చొరబాటు గమనించిన సంస్థ ఆరు గంటల్లోపు దానికి తెలియజేయాలి. ఒకసారి కాగితం కదిలిందంటే ప్రిన్సిపాల్ గారు కావాలనుకున్నా లోలోపల సర్దుబాటు చేయలేరు.

ఇక నేరమా అన్నారు. క్రిప్టో కొనడం, అమ్మడం, మైనింగ్ చేయడం మన దేశంలో నిషేధం కాదు. క్రిప్టో వ్యాపారానికి సేవలివ్వొద్దని బ్యాంకుల మీద రిజర్వ్ బ్యాంక్ పెట్టిన ఆంక్షలను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టేసింది. 2022 ఏప్రిల్ నుంచి ఈ ఆదాయం మీద 30 శాతం పన్ను ఉంది, మైనింగ్‌కైన కరెంటు ఖర్చు, మెషిన్ ఖర్చు అందులోంచి తీసేసుకునే వీలు లేదు. ఇక్కడ చిక్కంతా యజమాని అనుమతి లేకుండా యజమాని కంప్యూటర్లు వాడటం దగ్గరే ఉంది. ఐటీ చట్టం 43వ సెక్షన్ దీనికి నష్టపరిహారం కట్టించగలదు. అదే పని మోసపు ఉద్దేశంతో చేశాడని తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. భయపెట్టాలని చెప్పడం లేదు. అదే చట్టం ప్రకారం ఇది బెయిల్ దొరికే నేరం, కోర్టు ద్వారా రాజీ చేసుకునే అవకాశం కూడా ఉంది. కానీ లాగులు చెరిపేసి, మెషిన్లు మాయం చేసి ఊరు దాటినవాడికి "తెలియక చేశాను" అనే మాట చెల్లదు. మీరన్న గుట్టుగా తీసేసే దారి అందుకే వద్దంటున్నాను. తండ్రిగా మీకలా అనిపించడం సహజం, కానీ అది మీ వాడిని తప్పు చేసినవాడి స్థానం నుంచి తప్పు దాచినవాడి స్థానానికి తోస్తుంది.

నా సలహా ఇది. ఈ వారంలోనే సైబర్ కేసులు చూసే లాయర్‌ను ఆదోనిలోనో కర్నూలులోనో కలవండి. ఫీజుకు వెనకాడొద్దు. ఆయన చూసి సరేనన్నాక మీ వాడు కాలేజీకి ఒక ఉత్తరం రాయాలి. ఏ తేదీన మొదలుపెట్టాడు, ఏయే కంప్యూటర్లలో ఏ ప్రోగ్రామ్ పెట్టాడు, ఏ మినహాయింపులు ఇచ్చాడు, ఎంత వచ్చింది, ఎప్పుడు ఆపాడు, అన్నీ సూటిగా ఉండాలి. కరెంటు ఖర్చు లెక్కగట్టి వాయిదాల్లో కడతానని, కాలేజీ పెట్టే మనిషి సమక్షంలో అన్నీ తొలగించి కంప్యూటర్లు శుభ్రం చేసి అప్పగిస్తానని అందులోనే రాయాలి. ఉద్యోగం పోవచ్చు. పోతుందనే అనుకుని సిద్ధపడండి. కానీ తనంతట తాను చెప్పుకుని పోయిన ఉద్యోగానికీ, ఆడిట్‌లో దొరికి పోయిన ఉద్యోగానికీ ఈ రంగంలో చాలా తేడా ఉంది. హైదరాబాద్‌లో ఏ మంచి కంపెనీ అయినా ఆఫర్ ఇచ్చాక పాత చోట వాకబు చేస్తుంది, రిలీవింగ్ లెటర్ అడుగుతుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ చేతిలో పెట్టబోయే మనిషి గురించైతే ఇంకా గట్టిగా అడుగుతుంది.

రెజ్యూమెలో ఈ మైనింగ్ సంగతి ఒక్క ముక్క కూడా రాయొద్దు. చదివే ఇంజినీరు మొదట అడిగేది "ఎవరి హార్డ్‌వేర్ మీద?" అనే. బ్లాక్‌చెయిన్ మీద నిజంగా ఇష్టముంటే సొంత ల్యాప్‌టాప్ చాలు. బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్లోనే రెగ్‌టెస్ట్ అనే పద్ధతి ఉంది. అందులో తన సొంత చిన్న నెట్‌వర్క్ పెట్టుకుని, ఒక్క కమాండ్‌తో కావలసినన్ని బ్లాకులు పుట్టించుకోవచ్చు. కరెంటూ పెద్దగా ఖర్చు కాదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల బ్లాక్‌చెయిన్ కోర్సు ఉంది, పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు.

అయితే నాకు మీ వాడిలో కనబడుతున్న బలం బ్లాక్‌చెయిన్ కాదు. 40 కంప్యూటర్లకు తన కుర్చీలోంచే ప్రోగ్రామ్ ఎక్కించి, రాత్రి తొమ్మిదికి మొదలై పొద్దున ఆరుకు ఆగేలా సమయం కట్టి, నెలల తరబడి ఎవరికీ ఇబ్బంది కనబడకుండా నడిపాడు. 16 వేల జీతగాళ్లలో ఈ నేర్పు తక్కువ మందికి ఉంటుంది. దీన్ని సెక్యూరిటీ వైపు తిప్పితే మంచి దారి ఉంది. ఇంట్లో రెండు పాత కంప్యూటర్లతో చిన్న ల్యాబు పెట్టుకుని, ఒకదాంట్లో మైనర్ నడిపి, రెండోదాంట్లో వైర్‌షార్క్, సురికాటా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ ట్రాఫిక్‌ను పట్టుకునే రూల్స్ రాయడం సాధన చేయమనండి. ఆ పని చేసిన విధానం పది పేజీల్లో రాసుకుంటే అది రెజ్యూమెలో పెట్టుకోదగ్గ ప్రాజెక్టు. పక్కనే సీసీఎన్ఏకు (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్‌కు) చదవాలి. ఎస్ఓసీ (కంపెనీ నెట్‌వర్క్‌ను కాపలా కాసే భద్రతా విభాగం) అనలిస్ట్ మొదటి స్థాయి ఉద్యోగాల్లో అడిగేది సరిగ్గా ఇదే, ఏ ట్రాఫిక్ మామూలుది, ఏది కాదు అని చెప్పగలగడం. కరెంటు, కూలింగ్, ర్యాకుల మీద ఆసక్తి ఉంటే డేటా సెంటర్ ఆపరేషన్స్ వైపూ చూడొచ్చు. హైదరాబాద్, చెన్నైలలో ఆ ఉద్యోగాలున్నాయి, విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో పెద్ద డేటా సెంటర్ కేంద్రం కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది.

ఇంటర్వ్యూలో పాత ఉద్యోగం ఎందుకు మానేశావని అడుగుతారు. కాలేజీ కంప్యూటర్లను అనుమతి లేకుండా సొంత పనికి వాడాను, నేనే చెప్పి నష్టం కట్టాను, ఇంతవరకే చెప్పమనండి. కథలు అల్లొద్దు, కాలేజీని తిట్టొద్దు. కొందరు అక్కడే వద్దంటారు. అలాంటి మాటలు కొన్నాళ్లు పడాలి.

మిమ్మల్ని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లమంటారా అని అడిగారు. లాయర్ దగ్గరికి తోడు వెళ్లండి, మెషిన్లు కొన్న బిల్లు, మీరు డబ్బు పంపిన బ్యాంకు స్టేట్‌మెంట్, వాడి వాలెట్‌లో వచ్చిన మొత్తాల జాబితా వెంట పెట్టుకోండి. ప్రిన్సిపాల్ గదిలోకి మాత్రం వాడినే వెళ్లనివ్వండి. అక్కడ మీరు మాట్లాడితే వాడు చిన్నపిల్లాడైపోతాడు, కాలేజీ వినాల్సింది ఉద్యోగి మాట.

పన్ను సంగతి మరిచిపోవద్దు. ఎంత తక్కువైనా, ఈ ఏడాది వాలెట్‌లోకి వచ్చిన మొత్తాన్ని రిటర్నులో చూపించాలి. దానికి మీ ఆడిటర్‌తో విడిగా మాట్లాడండి.