పూత కొమ్మ వాజులో వాడిపోకుండా

ప్రశ్న: ఉగాది రోజు గుమ్మం పక్కన ఇత్తడి బిందెలో వేపపూత కొమ్మలు పెడుతున్నాం. పొద్దున్న పెడితే మధ్యాహ్నానికల్లా వేలాడిపోతున్నాయి. నీళ్లలో పంచదార వేసినా ఫలితం లేదు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: తప్పు పూతది కాదు, ఆకులది. వేప రెమ్మకుండే ప్రతి చిట్టి ఆకూ గాలిలోకి నీటిని వదులుతూనే ఉంటుంది. కోసిన చెక్క కాడ అంత నీరు పైకి తోడలేదు. అందుకే ఆకులు తీసెయ్యాలి. కానీ చేత్తో లాగకండి. వేపలో పూలగుత్తి ఆకు తొడిమ మొదట్లో, ఆ చంకలోంచి వస్తుంది. ఆకుని కిందికి గుంజితే గుత్తి కూడా ఊడి చేతికొస్తుంది. చిన్న కత్తెరతో పావంగుళం తొడిమ ఉంచి ఆకుని కత్తిరించండి. కొసన రాగిరంగు లేతాకులు రెండు మూడు ఉంటే చాలు, అందానికి.

కొయ్యడం పొద్దున్న ఆరులోపు అయిపోవాలి. ఎండెక్కాక కోసిన కొమ్మ అప్పటికే సగం దాహంతో ఉంటుంది. పెన్సిలంత లావు, మూరెడు పొడవున్న కొమ్మలు చూసుకోండి. గుత్తిలో పావువంతే విచ్చి, మిగతావి తెల్లటి మొగ్గలుగా ఉండాలి. పూర్తిగా విరిసినది ముట్టుకుంటేనే రాలుతుంది. నీళ్ల బకెట్ చెట్టు దగ్గరికే తీసుకెళ్లి, కోసిన కొమ్మని కోసినట్టే అందులో పెట్టండి. కాడ కొసని ఏటవాలుగా కోసి, అంగుళం లోతున కత్తితో అడ్డంగా, నిలువుగా చీల్చండి. సుత్తితో చితక్కొట్టమని చాలామంది చెబుతారు. అది మేం ఒప్పుకోం. చితికిన చెక్కలో నీరెక్కే సన్నటి గొట్టాలూ నలిగిపోతాయి, నీళ్లూ త్వరగా కుళ్లుతాయి. తర్వాత పూత తడవకుండా, కాడలు సగానికి పైగా మునిగేలా మూడు నాలుగు గంటలు చీకటి గదిలో ఉంచండి. పండగ పొద్దున్నే అలంకరణ కావాలంటే ఈ పనంతా ముందురోజే చేసి, రాత్రంతా అలాగే వదిలెయ్యండి.

ఇక పంచదార సంగతి. ఒంటరిగా వేస్తే అది పువ్వుకన్నా ముందు సూక్ష్మక్రిములకు మేత అవుతుంది. నీళ్లు బంకగా మారి కాడ మూసుకుపోతుంది. లీటరు నీటికి ఒక టీస్పూను పంచదార వేస్తే రెండు టీస్పూన్ల నిమ్మరసం కూడా పడాలి, రోజూ నీళ్లు మార్చాలి. రోజున్నర నిలిచే వేపపూతకైతే ఇవేవీ అక్కర్లేదు, శుభ్రంగా తోమిన బిందె, మంచినీళ్లు చాలు. పూత ఎలాగూ కొంత రాలుతుంది. బిందె కింద అరిటాకు పరిస్తే అదీ చూడ్డానికి బాగుంటుంది. పచ్చడికి మాత్రం చెట్టు నుంచి తాజాగా దులిపిన పూతే వాడండి.

ప్రశ్న: మా ఇంటి ముందు రేల చెట్టు పచ్చగా విరగబూసింది. పూలహారాలు వాజులో పెడితే టేబుల్ మీద వాలిపోతున్నాయి, మర్నాటికి రేకులన్నీ కింద.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: రేలపువ్వు నిలబడేది కాదు, వేలాడేది. దాన్ని పొట్టి వాజులో పెట్టడమే పొరపాటు. అడుగున్నర ఎత్తుండే బరువైన కూజా తీసుకుని, ఎత్తు స్టూలు మీద పెట్టి, హారాల్ని అంచు నుంచి కిందికి జారనివ్వండి. బరువంతా ఒకవైపే పడి కూజా తిరగబడుతుంది కాబట్టి అడుగున గులకరాళ్లు నాలుగు గుప్పిళ్లు వెయ్యండి. మూతి దగ్గర కోళ్ల గూటికి వాడే జాలీ ముక్కని ఉండలా నలిపి దూరిస్తే కొమ్మ కదలదు. పెద్ద చెట్టంత నిండుగా అక్కర్లేదు, మూడు కొమ్మలు చాలు.

హారంలో కొమ్మకు దగ్గరి పూలు ముందు విచ్చి, కొసన మొగ్గలు చివర్న విచ్చుతాయి. మూడోవంతు విచ్చినప్పుడు కొయ్యండి. రేకులు అంత తొందరగా రాలడానికి ఒక కారణం మీ ఇంట్లోనే ఉండొచ్చు, మామిడిపళ్ల బుట్ట. పండుతున్న మామిడి, అరటి ఇథిలిన్ అనే వాయువు వదులుతాయి, దానికి పూరేకులు రాలిపోతాయి. బుట్టని వేరే గదిలోకి మార్చండి. సీలింగ్ ఫ్యాన్ కింద మాత్రం ఏ పూతనీ పెట్టొద్దు. ఇన్ని చేసినా రెండు రోజులే. భోజనానికి చుట్టాలొస్తున్నారంటే ఆ పొద్దున్నే కొయ్యండి.

ప్రశ్న: మందారాలు సాయంత్రానికి ముడుచుకుపోతాయి. రాత్రి ఫంక్షన్‌కి టేబుల్ మీద విచ్చుకునే ఉండాలంటే?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పొద్దున్న పూర్తిగా విచ్చాక కోసి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. ఫంక్షన్‌కి కాస్త ముందు తీయండి, రాత్రి భోజనాల దాకా విచ్చుకునే ఉంటాయి. మన పెరటి ఎర్రమందారం ఆయుష్షు ఎలాగూ ఒక్క రోజే, నీళ్లలో పెట్టినా పెట్టకపోయినా ఒకటే. అందుకే వాజు మానేసి ఇత్తడి పళ్లెంలో ఉత్తినే పేర్చెయ్యొచ్చు.

ప్రశ్న: కాగితం పూలు చెట్టు మీద నెల ఉంటాయి, వాజులో గంట ఉండవు. ఎందుకు?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: రంగుగా కనిపించేవి పూరేకులు కావు, రంగు మారిన ఆకులే. అసలు పువ్వు మధ్యలో సన్నటి తెల్ల గొట్టంలా ఉంటుంది. ఆకులు కాబట్టే కోయగానే తడారి ముడతలు పడతాయి. పచ్చటి ఆకులన్నీ తీసేసి, ముళ్లు చూసుకుని, కొమ్మ మొత్తాన్ని పూలతో సహా చల్లటి నీళ్ల టబ్బులో గంటసేపు ముంచండి. వేపపూతకి చెయ్యకూడదన్న పనే ఇక్కడ మందు. తర్వాత జానెడుకు మించని ముక్కలుగా కోసి, వెడల్పాటి గంగాళంలో నీటి మీద పరిస్తే ఇంకా మేలు.

పక్కనే గన్నేరు కూడా కోసి కలుపుతుంటారు. అది ఒళ్లంతా విషమే, అది నానిన నీళ్లు కూడా. చిన్నపిల్లలు, కుక్కపిల్లలు ఉన్న ఇంట్లో వద్దు.

ప్రశ్న: మా యార్డ్‌లో చెర్రీ చెట్టు వారం రోజులే పూస్తుంది. కొమ్మలు కోసి డాఫోడిల్స్‌తో కలిపి పెడితే చెర్రీ ముందే వాడిపోయింది.
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: డాఫోడిల్ కాడ నుంచి కారే జిగురు పక్క పూలకు చేటు చేస్తుంది. వాటిని విడిగా ఒక రాత్రి నీళ్లలో ఉంచి, ఆ నీళ్లు పారబోసి, కాడ మళ్లీ కోయకుండా కలపండి. కోస్తే జిగురు మళ్లీ మొదలు. చెర్రీని విరిశాక కాదు, మొగ్గ ఉబ్బి గులాబీ రంగు తొంగిచూస్తున్నప్పుడే కొయ్యండి. చెక్క కాడే కాబట్టి వేపకు చెప్పిన చీలికే దీనికీ. ఇంటి వెచ్చదనానికి కొద్ది రోజుల్లో విచ్చుతుంది. విచ్చాక హీటర్ గాలి తగలని చల్లటి గదికి మార్చండి.