పోరాసిటీ పాతిక శాతం ఉంటే చమురు వచ్చేస్తుందా?

సున్నపురాయిలో పోరాసిటీ, అంటే రాతిలో ఉండే ఖాళీల శాతం, ఎంత ఎక్కువుంటే చమురు అంత తేలిగ్గా వస్తుంది కదా అని అడిగారు. రాదండీ. ఆ ఒక్క అంకె చూసి బావి జాతకం చెప్పేవాళ్లను నమ్మకండి.

ముంబై దగ్గర అరేబియా సముద్రంలో ఉన్న చమురు క్షేత్రం ముంబై హైలో ప్రధానంగా చమురు ఇచ్చేది మయోసీన్ కాలపు సున్నపురాయే. నేను ముంబైలో ఒక కోర్ ల్యాబ్‌లో (బావి తవ్వేటప్పుడు కడ్డీలా తీసిన రాయిని, అంటే కోర్‌ను, పరీక్షించే చోటు) చేరిన కొత్తలో అలాంటి రాతి ప్లగ్‌లు, అంటే కోర్‌లోంచి కోసిన చిన్న ముక్కలు, రెండు నా చేతికొచ్చాయి. హీలియంతో కొలిస్తే రెండింట్లోనూ ఖాళీ పాతిక శాతం దగ్గరే. తీరా గాలి పంపి చూస్తే, ఒకదాంట్లోంచి సులువుగా పోయింది, రెండోదాంట్లోంచి పోనంటే పోనంది. మిషన్ పాడైందేమో, మళ్లీ చెయ్యమన్నారు పైవాళ్లు. మూడుసార్లు చేశాను, అదే అంకె. ఒకటే టెన్షన్.

చివరికి రాతి ఖాళీల్లోకి నీలం ఎపాక్సీ (గట్టిపడే జిగురు) ఎక్కించి, 30 మైక్రాన్ల మందానికి అరగదీసి మైక్రోస్కోప్ కింద పెట్టాం. మొదటిదాంట్లో గింజల మధ్య నీలం ఎక్కడా తెగకుండా పారింది. రెండోదాంట్లో గవ్వలు కరిగిపోయిన చోట వాటి ఆకారంలోనే పెద్ద పెద్ద నీలం మచ్చలు, దేనికది విడిగా. మధ్యలో రాయంతా పల్చటి నీలి మసక. రంగు కారిందనుకున్నాను. కాదు, ఆ మసకే అసలు సంగతి. కొద్ది మైక్రాన్ల కాల్సైట్ (సున్నపురాయిలోని ఖనిజం) స్ఫటికాల మధ్య సందులవి. స్లైడ్ మందంలోనే ఒకదాని వెనక ఒకటి బోలెడు పేరుకుని ఉంటాయి, అందుకే విడివిడిగా కనపడవు. హీలియం వాటిలోకి దూరిపోతుంది కాబట్టి లెక్కలో అన్నీ ఖాళీలే. చమురుకు మాత్రం గవ్వ గదిలోంచి బయటికి అదొక్కటే దారి.

ఇంకో చిక్కుంది. ఈ సన్న సందులు నీటిని గట్టిగా పట్టేసుకుంటాయి. లాగ్‌లో (బావిలోకి పరికరం దింపి తీసే కొలతల గీతల్లో) నీళ్లు ఎక్కువ కనపడగానే ఆ పొరను పక్కన పెట్టేస్తారు. ఆ నీళ్లు కదలవు, ఒకదానితో ఒకటి కలిసిన పెద్ద రంధ్రాల్లో చమురుంటే బావిలోకి వచ్చేది చమురే. కంప్యూటర్‌లో గీతలు చూసి తేల్చేసే పిల్లలకు ఒక్క స్లైడైనా చూపించండని ఎన్నిసార్లు మొత్తుకున్నానో!

నా రెండో ప్లగ్ వచ్చిన పొరకు పైభాగం కూడా చూద్దామని గోడౌన్‌కు వెళ్తే, పెట్టెల్లో సగం వానకు తడిసి ఉన్నాయి. సముద్రం మధ్య డ్రిల్లింగ్ ఆపి, బోలెడు ఖర్చు పెట్టి తీసిన కోర్ అది. మూత మీద లోతు రాసిన అంకె చెరిగిపోయింది. ఇక ఆ రాయి ఏ మీటరుదో చెప్పగలిగేవాళ్లు లేరు.