ఇన్కాల కథ మన పాలమూరు పిల్లలకు పడుతుందా?

ప్రశ్న: ఆన్ నోలన్ క్లార్క్ రాసిన ‘సీక్రెట్ ఆఫ్ ది యాండీస్’ నవలను మా ఏడో తరగతి పిల్లలకు తెలుగులో చెబుతూ చదివించాలని ఉంది. తరగతిలో చాలామంది గొర్ల కాపరుల ఇళ్ల పిల్లలే. అందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత? ఎక్కడో పెరూ దేశపు కథ వీరికి పడుతుందా?
– ఒక ఉపాధ్యాయురాలు, కల్వకుర్తి

జవాబు: తప్పకుండా చదివించండమ్మా. 1952లో వెలువడి, మరుసటి ఏడాదే అమెరికాలో బాలసాహిత్యానికిచ్చే న్యూబెరీ పతకాన్ని అందుకున్న ఈ నవలలో కూసి అనే కుర్రవాడు, కుస్కో నగరానికి ఎగువన కొండల నడుమ దాగిన లోయలో, చుటో అనే ముసలి కాపరి దగ్గర లామాల (ఒంటె జాతికి చెందిన, ఉన్ని ఇచ్చే జంతువుల) మందను కాస్తూ పెరుగుతాడు. తనవాళ్లెవరో తెలియని ఆ పిల్లవాడు కొండ మీది నుంచి కింది లోయలోని ఒక కుటుంబాన్ని కళ్లప్పగించి చూసే ఘట్టం దగ్గర మీ పిల్లలు ఆగిపోతారని నా నమ్మకం. మేత కోసం జీవాలను తోలుకొని తండ్రి నెలల తరబడి వెళ్లిపోతే ఇల్లు ఎలా ఉంటుందో ఎరిగిన పిల్లలకు దాన్ని విడమరచి చెప్పవలసిన పనిలేదు.

కూసి, చుటో కల్పిత పాత్రలు. వారి వెనకనున్న విషాదం మాత్రం నిజం. 1532 నవంబరులో పెరూలోని కహమార్కా పట్టణంలో స్పెయిన్ సేనాని పిజారో, అప్పట్లో ఆ కొండ ప్రాంతాన్ని ఏలుతున్న ఇన్కాల చక్రవర్తి అటవాల్పాను బంధించి, విడుదల కోసం గదుల కొద్దీ బంగారమూ వెండీ రాబట్టుకొని కూడా, 1533లో అతణ్ని చంపించాడు. కథలోని రహస్యం ఆ బంగారంతో ముడిపడినదే కనుక దాన్ని ఇక్కడ విప్పను. మనం ఎరిగిన రాత లేని ఆ రాజ్యంలో లెక్కలను కిపులనే దారాలకు ముడులు వేసి భద్రపరిచేవారు. గుర్రమూ బండీ లేని ఆ కొండదారుల్లో సరుకు మోసిన జంతువు లామాయే. పాతిక ముప్పై కిలోలకు మించి బరువు వేస్తే అది చతికిలబడి ఇక కదలనంటుంది. ఈ సంగతి ముందే చెప్పి ఉంచితే, నవలలో మంద నడిచే తీరు పిల్లల కళ్లకు కడుతుంది.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. రచయిత్రి ఇన్కాల సంతతి కాదు, అమెరికాలో ఆదివాసీ పిల్లలకు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఉపాధ్యాయురాలు. ఆమెకు ఆ ప్రజల మీద ఉన్న గౌరవం పుటపుటలోనూ తెలుస్తుంది. అయినా ఇన్కా వారసత్వమంతా ఎవరికీ కనబడని లోయలో, ఒకరిద్దరి చేతుల్లోనే మిగిలిందన్న భావన చదివేవారి మనసులో పడిపోతుంది. నాకది లోపంగానే తోస్తుంది. ఇన్కాలు మాట్లాడిన క్వెచువాను పెరూ, బొలీవియా, ఈక్వడార్ దేశాల్లో నేటికీ లక్షలాది మంది మాట్లాడుతున్నారు, పెరూ 1975లోనే దానికి అధికార భాష హోదా ఇచ్చింది. ఆ కొండల్లో మందలు కాసే పిల్లలు ఈ రోజుకూ ఉన్నారని మీరు గట్టిగా చెప్పాలి.

నవల నడక నెమ్మది, కాబట్టి రోజుకొక అధ్యాయం చాలు. ఉప్పు కోసం కూసి, చుటో మందతో బయలుదేరే భాగానికి ముందు రోజు, మీ పిల్లల తాతలలో ఒకరిద్దరిని బడికి పిలిపించండి. పెద్ద మందలో తమ జీవాన్ని ఎలా గుర్తుపడతారో, ఉన్ని కత్తిరించి గొంగడి ఎలా నేస్తారో వారి నోటనే చెప్పించి, ఆ మర్నాడు అధ్యాయం మొదలుపెట్టండి.