నీళ్లలో ప్రతిబింబం మసకగా వస్తుంటే

మడుగులో తీసిన ప్రతిబింబం మసకగా వచ్చింది, లెన్స్ తప్పా అని ఒకరు అడిగారు. లెన్స్ తప్పు కాదు, ఫోకస్ నీటి మీద పడింది. హనుమకొండ చౌరస్తాలో వాన వెలిశాక ఫ్లూట్ వాయించే ఆయన ప్రతిబింబాన్ని మడుగులో తీస్తే, అంచున కంకర స్పష్టంగా, ఆయన ముఖం మసకగా వచ్చిందన్నారు కదా. ఫోకస్ నీటి మీద పడిందనడానికి అదే గుర్తు.

1. ప్రతిబింబం నీటి పైపొర మీద ఉండదు. కెమెరా నుంచి నీటికి 1 మీటరు, నీటి నుంచి ఆయనకు 3 మీటర్లు అయితే ఫోకస్ 4 మీటర్ల దగ్గర ఉండాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు. ఆటోఫోకస్‌కి వదిలేస్తే ఆకునో, బుడగనో పట్టుకుంటుంది. ఫోకస్ బాక్సు నీళ్లలోని ముఖం మీదే పెట్టండి. పట్టట్లేదా? కెమెరా నేలకు దించి, నేరుగా ఆయన మీద ఫోకస్ చేసి లాక్ చేయండి. దూరం దాదాపు అంతే.

కంకర కూడా కొంత స్పష్టంగా కావాలంటే అపర్చర్ (లెన్స్ రంధ్రం) చిన్నది చేసి ఎఫ్/11 పెట్టండి.

2. లెన్స్ మీద పోలరైజర్ (నీటి మెరుపు తగ్గించే ఫిల్టర్) ఉంటే తీసేయండి, ప్రతిబింబాన్నే తినేస్తుంది.

3. నీళ్లలో ఆకాశం తెల్లగా మండుతుంటే ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి వచ్చే వెలుతురు) -1కి తగ్గించండి. రా ఫైల్ (కెమెరా మెరుగులు దిద్దని ఫైల్) రంగుల్లోనే తీసి, ఎడిటింగ్‌లో నలుపు తెలుపు చేసేటప్పుడు ఆరెంజ్ స్లైడర్ కొంచెం పెంచండి. ముఖం తేలుతుంది.