సెకండ్ హ్యాండ్ రోడ్ బైక్ ఫ్రేములో పగులు: అమ్మిన వ్యక్తిపై దావా నిలుస్తుందా?

ప్రశ్న: నా వయసు 46. కావలిలో ఉంటాను. షుగరు ఉందని డాక్టరుగారు సైకిలు తొక్కమన్నారు. కొత్త రోడ్ బైక్ (తారురోడ్డు మీద వేగంగా తొక్కే సైకిలు) కొనాలా, సెకండ్ హ్యాండ్‌దా అని చాలా రోజులు ఆలోచించి, ఆన్‌లైన్ ప్రకటన చూసి 2024 ఆగస్టులో ఒంగోలులో ఒకాయన దగ్గర రూ.42,000కు పాతది కొన్నాను. రూ.30,000 యూపీఐలో పంపాను, మిగతాది నగదుగా ఇచ్చాను. అక్టోబరులో మెకానిక్కు చూపిస్తే హ్యాండిల్ కింద ఫ్రేము పగిలి ఉందని, పుట్టీ పెట్టి పెయింటు వేశారని చెప్పాడు. అమ్మినాయన ఫోను ఎత్తడం లేదు. వినియోగదారుల కోర్టుకు వెళ్లవచ్చా? మళ్లీ పెయింటు వేయించి చెన్నైలో అమ్మేయమని మిత్రుడు అంటున్నాడు. ఈసారి కొంటే కొత్తదే కొనాలా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం ఇంట్లోవారి ఎగతాళి గురించీ, మనుషులను నమ్మడం గురించీ ఉంది. దానితో కోర్టుకు పనిలేదు. మీ వ్యవహారాన్ని తేల్చే వాక్యం రెండో పేజీ చివర, ఏదో మాటవరసకు రాసినట్టుగా ఉంది: డబ్బు పంపకముందు మీరు వాట్సాప్‌లో “ఎక్కడైనా పడిందా?” అని అడిగారు, ఆయన “ఒక్కసారి కూడా పడలేదు, ఫ్రేము ఒరిజినల్” అని జవాబిచ్చారు. ఆ జవాబు మీ చేతిలో ఉంటే మీకు కేసు ఉంది. లేకపోతే దాదాపు లేనట్టే.

కారణం చెబుతాను. దుకాణదారు కాని ఒక వ్యక్తి తన పాత వస్తువును అమ్ముకున్నప్పుడు, అది బాగుందన్న హామీ ఆ అమ్మకంలో దానంతటదే ఉన్నట్టు చట్టం భావించదు. వస్తువుల విక్రయ చట్టం, 1930లోని 16వ సెక్షన్ ప్రకారం చూసుకుని కొనవలసిన బాధ్యత కొన్నవారిదే. అమ్మినవారు లోపం గురించి మౌనంగా ఉండిపోవడం కూడా సాధారణంగా మోసం కాదు. అయితే అడిగిన ప్రశ్నకు తెలిసి అబద్ధం చెప్పడం, తెలిసిన లోపాన్ని కప్పిపుచ్చడం కాంట్రాక్టు చట్టం, 1872లోని 17వ సెక్షన్ కింద మోసమే. “మీరు జాగ్రత్తగా చూసుకుని ఉంటే తెలిసేది కదా” అన్న వాదన కేవలం పొరపాటున తప్పు చెప్పినవారికో, మౌనం వహించినవారికో ఉపయోగపడుతుంది గాని, పగులుకు పుట్టీ పెట్టి పడలేదని రాసినవారికి ఉపయోగపడదు. ఆ పుట్టీ ఆయనే పెట్టించారని, కనీసం ఆ సంగతి ఆయనకు తెలుసని చూపవలసిన భారం మాత్రం మీది.

ఇక మీ నిర్వాకం. ఆ సంభాషణ ఉన్న ఫోనును మీ బావమరిదికి ఇచ్చేశానని రాశారు. రూ.12,000 నగదుకు రసీదు లేదు. మెకానిక్ చెప్పిన మాట కాగితం మీద లేదు. పగులు బయటపడి ఏడాది దాటినా ఒక్క నోటీసు పంపలేదు. పైగా మధ్యలో కొన్ని వారాలు అదే సైకిలు తొక్కారు. వస్తువును తిరస్కరిస్తున్నానని తగిన సమయంలో తెలియజేయకుండా దగ్గర ఉంచుకుంటే దానిని అంగీకరించినట్టే అని అదే విక్రయ చట్టం 42వ సెక్షన్ చెబుతుంది. కనుక సైకిలు తిరిగి ఇచ్చి మొత్తం సొమ్ము రాబట్టడం ఇప్పుడు కష్టం. మీరు ఇచ్చిన ధరకూ, పగిలిన ఫ్రేముతో ఆ సైకిలుకు ఉండే విలువకూ మధ్య తేడాను నష్టపరిహారంగా అడగడమే నిలబడే కోరిక.

మీ మిత్రుని సలహా మాటకొస్తే, దయచేసి ఆ పని చేయకండి. మీకు అమ్మినాయనకు పగులు సంగతి తెలుసో లేదో మనం ఇంకా రుజువు చేయాలి. మీకు తెలుసని మాత్రం మీ ఉత్తరమే సాక్ష్యం. తెలిసి రంగు పూసి అమ్మితే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసులో ముద్దాయి మీరే అవుతారు, దానికి ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. హ్యాండిల్ దగ్గర ఫ్రేము విరిగి ఒక మనిషి హైవే మీద పడితే సంగతి ఇంకా దూరం పోతుంది. వెల్డింగు కూడా చేయించకండి. అల్యూమినియం ఫ్రేముకు అతుకు వేస్తే ఆ వేడికి చుట్టుపక్కల లోహం బలం తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యంగా, మీ ఏకైక వస్తుసాక్ష్యం చెరిగిపోతుంది.

వినియోగదారుల కమిషన్ విషయం. సొంత సైకిలు ఒకసారి అమ్ముకున్న వ్యక్తి సాధారణంగా ‘వ్యాపారి’ కిందికి రాడు, కాబట్టి అక్కడ ఫిర్యాదు నిలవదు. కాని ఆయన పేరుతో ఇంకా సైకిళ్ల ప్రకటనలు ఉన్నాయేమో వెతకండి. పాతవి కొని బాగుచేసి అమ్ముతున్నట్టు తేలితే ఆయన వ్యాపారే. అప్పుడు మీరు నివసించే జిల్లాలోనే, అంటే నెల్లూరు కమిషన్‌లోనే, ఫీజు లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. దానికి గడువు రెండేళ్లు. కొన్న తేదీ నుంచే లెక్కించుకుని 2026 ఆగస్టును హద్దుగా పెట్టుకోండి. సివిల్ దావాకు మోసం తెలిసిన నాటి నుంచి మూడేళ్లు ఉంది, కాని అది ఆయన ఉండే ఒంగోలులో వేయాలి.

ముందు ఈ వారమే ఆ పాత ఫోను తెప్పించుకుని, అందులో ఏదీ చెరపకుండా పక్కన పెట్టండి. సంభాషణను కోర్టులో దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, దానిని ఏ ఫోను నుంచి ఎలా తీశారో తెలిపే ధ్రువపత్రం కావాలి. స్క్రీన్‌షాట్ల ప్రింట్లు మాత్రమే తెస్తే చాలదు. యూపీఐ చెల్లింపుకు బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకోండి. మెకానిక్ చేత ఫ్రేము నంబరు, పగులు ఉన్న చోటు, పుట్టీ సంగతి తేదీతో రాయించుకుని ఫొటోలు తీయించండి. తరువాత అమ్మినాయన వాట్సాప్‌లో రాసిన మాటలను యథాతథంగా ఉటంకిస్తూ న్యాయవాది ద్వారా ఆయనకు స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. ఈ మొత్తానికి ఏళ్ల తరబడి దావా నడపడం కన్నా ఒంగోలులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కేసు వేయకముందే పరిష్కారం కోరుతూ అర్జీ పెట్టడం మేలు. ఖర్చు ఉండదు, రాజీ కుదిరితే ఆ సంస్థ నడిపే లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు తీర్పుతో (డిక్రీతో) సమానం, దానిపై అప్పీలు లేదు. కుదరకపోతే దావా మార్గం అలాగే ఉంటుంది, కాని అర్జీ పెట్టినంత మాత్రాన గడువు ఆగదని గుర్తుంచుకోండి.

చివరి ప్రశ్నకు: ఫ్రేము చూసి మంచిచెడులు చెప్పలేని కొత్తవారు దుకాణంలో బిల్లుతో కొత్తదే కొనాలని నా అభిప్రాయం. అక్కడ లోపానికి జవాబు చెప్పే వ్యాపారి ఉంటాడు, చాలా కంపెనీలు ఫ్రేముకు ఇచ్చే వారంటీ మొదటి కొనుగోలుదారుకే వర్తిస్తుంది. పాతదే కావాలంటే, మోటారు వాహనానికి ఉన్నట్టు సైకిలుకు ఆర్‌సీ ఉండదు గనుక, అసలు బిల్లు అడిగి తీసుకోండి. దొంగిలించిన సైకిలును మీరు ఎంత మంచి మనసుతో కొన్నా దాని హక్కు అసలు యజమానిదే. పెడల్ ఇరుసు కింద సాధారణంగా చెక్కి ఉండే ఫ్రేము నంబరు, ఇచ్చిన మొత్తం, పడలేదని, రిపేరు జరగలేదని అమ్మేవారు చెప్పిన మాట ఒకే రసీదు మీద రాయించి, డబ్బు చేతికి ఇచ్చేముందు సంతకం పెట్టించుకోండి.