ఫోన్ లాక్కుంటే పిల్లలు సేఫ్‌గా ఉంటారా? మా ఇంట్లో జరిగింది చెబుతాను

ఎనిమిదో తరగతి చదివే మీ పాప ఇన్‌స్టాగ్రామ్ కావాలంటోందని, అక్కడ పిల్లలను వలలో వేసుకునేవాళ్ళ గురించి విని భయంగా ఉందని, అసలు ఫోన్ ఇవ్వకుండా ఉండటమే మంచిదా అని అడిగారు. ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ అంతకంటే ముందు, "ఏం జరిగినా వచ్చి నాకు చెప్పు, తిట్టను, ఫోన్ తీసుకోను" అని పాపకు మాట ఇవ్వండి, ఇచ్చాక నిలబెట్టుకోండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఇవ్వలేదు.

మా అక్క కూతురికి అప్పుడు పదమూడేళ్ళు. ముగ్గులు చాలా బాగా వేస్తుంది, వేసినవి ఫోటోలు తీసి ఇన్‌స్టాలో పెట్టేది. ఒక "అమ్మాయి" ప్రతి ముగ్గుకీ మెచ్చుకుంటూ మెసేజ్ పెట్టేది, తనకు పదిహేనేళ్ళని, ఇంట్లో ఎవరూ అర్థం చేసుకోరని చెప్పేది. రెండు నెలలు అంతే, ఒక్క తప్పు మాట లేదు. తర్వాత నేను ఆ చాట్ మొత్తం కూర్చుని చదివాను, మధ్యలో ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను: "మీ అమ్మ నీ ఫోన్ చూస్తుందా?" పాప "చూడదు" అంది. ఆ మరుసటి రోజే, మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయే ఇంకో యాప్‌లోకి రమ్మని పిలిచారు. అక్కడ ఎవరికీ చూపించకూడని ఫోటో అడిగారు, పంపింది, ఇంకోటి కావాలన్నారు, పంపకపోతే మొదటిది మీ క్లాస్ వాళ్ళందరికీ పంపిస్తామన్నారు.

సంక్రాంతికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నాకు తెలిసింది. రాత్రి పెరుగన్నం తింటోంది, ఫోన్ బోర్లా పెట్టి ఉంది, అది గుర్రుమన్న ప్రతిసారీ చేతిలో ముద్ద అలాగే ఆగిపోతోంది. మూడోసారి చూసి, గిన్నెలు సర్దుతున్నట్టు పక్కన కూర్చుని "ఎవరైనా భయపెడుతున్నారా తల్లీ?" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "పిన్నీ, అమ్మకు చెప్పకు, ఫోన్ లాగేసుకుంటుంది, నాన్న బడి మాన్పిస్తాడు" అని ఏడ్చింది. ఆ "అమ్మాయి" పేరుతో మాట్లాడినవాడు కూడా సరిగ్గా ఇదే రాశాడు, "చెబితే మీ వాళ్ళు నిన్నే తిడతారు" అని. మన తిట్ల మీద వాడికి అంత నమ్మకం. నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

అక్క ముందు చేయెత్తింది, తర్వాత తనే పాపను పట్టుకుని ఏడ్చింది. బావ వెంటనే అన్నీ డిలీట్ చేసేద్దామన్నాడు. దయచేసి ఆ పని చేయకండి. ముందు చాట్ స్క్రీన్‌షాట్లు, ఆ ప్రొఫైల్ లింకు, తేదీలు భద్రం చేసుకుని, ఆ తర్వాతే రిపోర్ట్, బ్లాక్ చేయాలి. వాడికి బదులివ్వద్దు, బతిమాలొద్దు, డబ్బు అడిగితే ఒక్క రూపాయి పంపొద్దు. ఇచ్చిన కొద్దీ ఇంకా అడుగుతారు. మగపిల్లల దగ్గర ఎక్కువగా డబ్బే అడుగుతుంటారు కాబట్టి కొడుకున్న వాళ్ళూ ఇది చదవాలి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. ఇంకో సంగతి, పాప ఫోటోను సాక్ష్యమనుకుని బంధువులకు వాట్సాప్‌లో పంపితే అది మళ్ళీ నేరమే అవుతుంది, పోలీసులకు తప్ప ఎవరికీ చూపించకండి.

మేము 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాం, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం. పిల్లలపై నేరాలకు అందులో వేరే విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. స్టేషన్‌కి వెళితే అక్కడొకాయన "ఆడపిల్ల విషయం, పరువు పోతుంది, అకౌంట్ మూసేసి ఊరుకోండి" అన్నాడు. ఆ మాటకు వెనక్కి వచ్చేయకండి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు నమోదు చేసుకోకపోవడమే శిక్షార్హమైన తప్పు. పిల్లల వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, పిల్లల పేరు బయటికి రాకూడదు. మేము పట్టుబట్టాక ఒక మహిళా ఎస్సై మామూలు చుడీదార్‌లో ఇంటికి వచ్చి, పాప మంచం మీద కూర్చుని, ముందు ముగ్గుల పుస్తకం చూపించమని అడిగి, అప్పుడు మొదలుపెట్టింది. ఆవిడకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఫోటో పంపేదాకా ఆగక్కర్లేదు, చెడు ఉద్దేశంతో పిల్లలను ఆన్‌లైన్‌లో అలా మచ్చిక చేసుకోవడమే ఐటీ చట్టం సెక్షన్ 67బి కింద నేరం, మొదటిసారికే ఐదేళ్ళ వరకు జైలు పడొచ్చు.

ఫోటో బయటికి వస్తుందన్న టెన్షన్‌తో పాప నిద్రపోయేది కాదు. దానికి 'టేక్ ఇట్ డౌన్' అని ఒక ఉచిత సేవ ఉంది, తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే అమెరికా సంస్థ నడుపుతుంది. ఫోటో మన ఫోన్ దాటి వెళ్ళదు, దాని నుంచి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారై, ఫేస్‌బుక్, ఇన్‌స్టా లాంటి ఆ సేవలో చేరిన కంపెనీలకు వెళుతుంది, అక్కడ ఎవరైనా అదే ఫోటో పెడితే పట్టుకోవడానికి పనికొస్తుంది. అది పూర్తయిన రాత్రి పాప తొమ్మిదింటికే పడుకుంది.

సెట్టింగుల గురించి ఎక్కువ చెప్పను, అకౌంట్ ప్రైవేట్‌లో పెట్టండి, తెలియనివాళ్ళ మెసేజ్‌లు ఆపండి. కానీ ఒక్కటి చూడండి. ఇన్‌స్టాలో పద్దెనిమిది లోపు వాళ్ళకు టీన్ అకౌంట్ అని పెట్టారు, మన దేశంలో 2025లో వచ్చింది. అందులో అకౌంట్ మొదటి నుంచే ప్రైవేట్‌గా ఉంటుంది, పిల్లలకు తాము ఫాలో అవని వాళ్ళ నుంచి మెసేజ్‌లు రావు. అయితే ఇదంతా మనం ఇచ్చిన వయసును బట్టే మొదలవుతుంది. మా పాప ప్రొఫైల్‌లో పుట్టిన సంవత్సరం 1999 అని ఉంది. ఎవరు పెట్టారని అడిగితే, అకౌంట్ తెరిచినప్పుడు పక్కనే కూర్చుని బావే పెట్టాడట, త్వరగా అయిపోతుందని. ఈ రాత్రి మీ పాప పక్కన కూర్చుని ముందు అది చూడండి, తప్పుగా ఉంటే తనతోనే సరిచేయించండి.