ఏ సీసా కొనాలని అడిగావు కదా తల్లీ

చిరంజీవి చిట్టితల్లికి,
పెదనాన్న ఆశీస్సులు.

నీ .22 రైఫిల్ వచ్చిందని తెలిసి చాలా సంతోషించాను. దాంతోపాటు, దాన్ని శుభ్రం చేయడానికి ఏవి కొనాలో అడుగుతూ నువ్వు పంపిన జాబితా కూడా చూశాను. ఏడు సీసాలు, రెండు స్ప్రే డబ్బాలు, ఒక గ్రీజు ట్యూబు. "వీటిలో అన్నిటికంటే మంచిది ఏది పెదనాన్నా?" అని అడిగావు. ముప్పై ఏళ్లకు పైగా ఆయుధాగారంలో తుపాకులు విప్పి బిగించినవాణ్ణి, అయినా ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. "ఏ మురికికి ఏది?" అని అడుగు, చెప్తాను. డబ్బులు పెట్టేముందు ఈ ఉత్తరం ఒకటికి రెండుసార్లు చదువు.

నూనె ముట్టుకోకముందు చేయాల్సింది ఒకటుంది. మ్యాగజైన్, అంటే తూటాల పెట్టె, తీసెయ్. బోల్ట్‌ను, అంటే తూటాను లోపలికి తోసి వెనక మూసే కడ్డీని, వెనక్కి లాగి చాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే చోటులోకి, కళ్లతో చూడు, తర్వాత చిటికెన వేలు పెట్టి తడిమి చూడు. నువ్వు శుభ్రం చేసే గదిలోనే తూటాలు ఉండకూడదు. "ఇందాకే చూశాను కదా" అనుకోకు. తుపాకీని పక్కన పెట్టి మళ్లీ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ మళ్లీ చూడు.

ఇక సీసాల సంగతి. శుభ్రం చేసే ద్రావకం పని పట్టుకున్న మురికిని ఊడదీసి తానూ వెళ్లిపోవడం. నూనె పని లోహాన్ని పట్టుకుని అక్కడే ఉండిపోవడం. రెండూ ఎదురెదురు గుణాలు. ఒకే సీసా రెండు పనులూ చేస్తుందంటే ఎక్కడో ఒకచోట రాజీ పడిందన్నమాటే. నీ జాబితాలో పైనున్న సీఎల్‌పీ అలాంటిదే. శుభ్రం చేస్తుంది, జారుడునిస్తుంది, తుప్పు నుంచి కాపాడుతుంది అనే మూడు పనుల ఇంగ్లీషు పొడి అక్షరాలే ఆ పేరు. సైనికుడు మూడు సీసాలు మోయలేడు కాబట్టి సైన్యాలకు అది నచ్చింది. రేంజిలో కాల్పుల సాధన చేసి వచ్చిన రోజు పైపైన తుడవడానికి నీకూ చక్కగా పనికొస్తుంది. కానీ గట్టిపడిన మసిని వదిలించడంలో అసలైన ద్రావకానికి సాటిరాదు. నెలల తరబడి బీరువాలో ఉండే తుపాకీకి చిక్కటి రక్షణ నూనె ఇచ్చినంత భరోసా ఇవ్వదు.

డబ్ల్యూడీ-40 సంగతి ప్రత్యేకంగా అడిగావు. ఆ పేరులోనే దాని పని ఉంది, డబ్ల్యూడీ అంటే ఇంగ్లీషులో నీటిని తోసేయడం. నీటిని తోసేసే మందు కోసం 1953లో అమెరికాలో చేసిన ప్రయత్నాల్లో నలభయ్యోది కుదిరింది, ఆ అంకే పేరైంది. అట్లాస్ క్షిపణి పైరేకు తుప్పు పట్టకుండా వాడారు. అంటే వానలో తడిసిన తుపాకీ మీద కొడితే సందుల్లోని నీటిని బయటికి తోస్తుంది, అందుకు మంచిదే. అందులో ఎక్కువ భాగం ఆవిరైపోయే ద్రావకం, మిగిలేది పలచని పొర. కదిలే భాగాలకు అదే నూనె అనుకోవద్దు. నీళ్లు పోయాక తుడిచేసి, అసలు నూనె రాయాలి.

ఇప్పుడు మురికి. కాల్చాక గొట్టంలో మిగిలేది ఒక్క రకం కాదు. మందు కాలిన మసి, గుండు మీది రాగి తొడుగు రాసుకుని అంటిన రాగి, తొడుగు లేని గుండైతే సీసం. షాట్‌గన్ అయితే తూటాలోని ప్లాస్టిక్ గిన్నె కరిగి అంటిన పొర కూడా ఉంటుంది. మసికి పనికొచ్చే ద్రావకం రాగిని పెద్దగా కదిలించదు. హాప్పీస్ నంబర్ 9 అనే పాత ద్రావకం 1903 నుంచి వస్తోంది. అరటిపండు లాంటి దాని వాసన పీలిస్తే నాకు ఇప్పటికీ ఆయుధాగారమే గుర్తొస్తుంది. మసికి అలాంటిదే వాడు. రాగి కోసం అమ్మే వాటిలో చాలావరకు అమ్మోనియా ఉంటుంది. గుడ్డ పీలిక ముంచి గొట్టంలో నడిపి, సీసా మీద రాసినంత సేపు ఆగి, పొడి పీలిక తోస్తే అది నీలంగానో పచ్చగానో వస్తుంది. రాగి కరిగిన గుర్తు అది. పీలిక రంగు లేకుండా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేస్తాం.

ఇక్కడ కొత్తవాళ్లు ఒకచోట మోసపోతారు. పీలికను తోసే రాడ్ కొసన ఉండే జాగ్ ఇత్తడిదైతే, ఇత్తడిలో ఉన్నదీ రాగే కదా, ద్రావకం దాన్నే తింటుంది. గొట్టం ఎప్పుడో శుభ్రమైపోయినా పీలిక నీలంగానే వస్తూ ఉంటుంది. నా దగ్గర పనికి చేరిన ఒక కుర్రాడు సాయంత్రం దాకా ఒకే రైఫిల్‌తో కుస్తీ పట్టాడు పాపం. ప్లాస్టిక్ జాగ్ ఇచ్చి చూడమన్నాను, రెండో పీలికే తెల్లగా వచ్చింది. రాగి ద్రావకంతో కంచు బ్రష్ వద్దు, నైలాన్ బ్రష్ వాడు.

అమ్మోనియాను గౌరవించాలి తల్లీ. పూర్వం భారతదేశంలో బ్రిటిష్ సైన్యం ఇత్తడి తూటాలను వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచేది. తీరా తీసి చూస్తే తూటాల ఇత్తడి పగుళ్లు వారి ఉండేది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, లోహంలో అప్పటికే ఉన్న ఒత్తిడి కలిసి చేసిన పని అదని 1921లో గానీ తేల్చలేకపోయారు. అందుకే ఆ సీసా మూత తీసి తూటాల పక్కన పెట్టకు. నికెల్ పూత వేసిన తుపాకీకి అసలు వాడకు. పూత కింద రాగి పొర ఉంటే, ఏ గీత గుండానో దూరి దాన్ని తినేస్తుంది, పైన నికెల్ పెచ్చులుగా లేస్తుంది.

ఇంతా చెప్పి అసలు మాట చెప్తాను. నీకు రాగి ద్రావకమే అక్కర్లేదు! నువ్వు కాల్చే .22 పోటీ తూటాల్లో గుండు సీసంతో చేసింది, పైన మైనమో గ్రీజో పూసి ఉంటుంది. గొట్టంలో పేరుకునేది సీసం, మైనం, మసి. జాబితాలోంచి ఆ రాగి ద్రావకం సీసాలు రెండూ కొట్టెయ్. నీ రైఫిల్లో కనిపెట్టుకుని ఉండాల్సింది చాంబర్ ముందు అంచు. గుండు గొట్టంలోకి దూరే చోట మసి గట్టిపడి ఉంగరంలా పేరుకుంటుంది. అక్కడ మసి ద్రావకంతో తడిపి, కాసేపు నాననిచ్చి, బ్రష్ ఆడించాలి. మిగతా గొట్టాన్ని రోజూ తోమక్కర్లేదు. అరిగిపోవడం కంటే తప్పుగా తోమడం వల్ల పాడైన గొట్టాలనే నేను ఎక్కువ చూశాను.

రాడ్ ఎప్పుడూ చాంబర్ వైపు నుంచే దించు, దాన్ని సూటిగా నడిపే బోర్ గైడ్ పెట్టి. గుండు చివరిగా వదిలే అంచు గొట్టం మూతి. రాడ్ రాసుకుని ఆ అంచు ఒక పక్క అరిగితే ఎంత మంచి నూనె వాడినా గురి తిరిగి రాదు. కంచు బ్రష్‌ను గొట్టం మధ్యలో ఆపి వెనక్కి లాగకు, మూతి దాటాకే తీసుకో. ముక్కలు కలిపే అల్యూమినియం రాడ్ వద్దు, మెత్తటి లోహం కాబట్టి దుమ్ము అందులో గుచ్చుకుని ఆకురాయిలా గీస్తుంది. పూత ఉన్న ఒకే ముక్క రాడ్ కొను. సీసాల మీద మిగిలిన డబ్బు దీని మీద పెట్టు.

ముందు ముందు పాత సైనిక తూటాలు కాల్చే అవకాశం రావచ్చు, అందుకని ఇదొకటి. వాటిలో కొన్నిటి ప్రైమర్‌లో, అంటే సూది దెబ్బకు నిప్పు పుట్టించే తూటా అడుగు భాగంలో, పొటాషియం క్లోరేట్ ఉంటుంది. అది పేలాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, ఉప్పు లాంటిదే. గాలిలో తేమ లాక్కుని ఒక్క రాత్రిలో గొట్టాన్ని తుప్పు పట్టించగలదు. దానికి నూనె, పెట్రోలియం ద్రావకం ఏవీ పనికిరావు. ఉప్పు నీళ్లలో కదా కరిగేది! వేడి నీళ్లు పోసి కడిగి, పొడి పీలికలతో ఆర్చి, అప్పుడు నూనె రాయాలి. బ్లాక్ పౌడర్ అనే పాతకాలపు నల్ల తుపాకీమందు వాడే తుపాకులకూ నీళ్లే. పైగా ఆ మసికి పెట్రోలియం నూనె తగిలితే తారులా ముద్దకడుతుంది.

నూనె దగ్గరికి వచ్చేసరికి నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తనిఖీ ముందు రోజు, బోల్టులు మెత్తగా జారాలని ఒక్కోదాని లోపలికి నాలుగేసి చుక్కలు నూనె పోశాను. అధికారి మెచ్చుకున్నారు. కొన్ని నెలల తర్వాత చలి తెల్లవారుజామున రేంజిలో ట్రిగ్గర్ లాగితే "టక్" మంది, తూటా పేలలేదు. పక్క లేనులోనూ అదే. రైఫిల్ ముందుకే పట్టి అర నిమిషం ఆగి తూటా తీశాం. ప్రైమర్ మీద సూది దిగాల్సినంత దిగలేదు, గోటితో నొక్కినంత గుంట మాత్రమే ఉంది. బోల్ట్ విప్పి చూద్దును కదా, ఫైరింగ్ పిన్ అనే ఆ సూది చుట్టూ, స్ప్రింగు చుట్టల మధ్య, గోధుమరంగు జిగురు. నేను పోసిన నూనే, మసిని, దుమ్మును కలుపుకుని అలా తయారైంది. చలికి ఇంకా బిగిసింది. రేంజి కాబట్టి సరిపోయింది. ఆ ఉదయం నాకు నిద్రలో కూడా గుర్తొచ్చేది. ఫైరింగ్ పిన్ నడిచే దారి పొడిగా ఉండాలి. తయారీదారు పుస్తకం నూనె రాయమంటే, గుడ్డకు అంటించి తుడిచినంత మాత్రమే.

చాంబర్ కూడా పొడిగానే ఉండాలి. పేలినప్పుడు తూటా ఇత్తడి డొప్ప ఉబ్బి చాంబర్ గోడను పట్టుకుంటుంది. అక్కడ నూనె ఉంటే పట్టు తప్పి బోల్ట్ మీద ఎక్కువ భారం పడుతుంది. బీరువాలోంచి తీసిన రోజు, కాల్చేముందు, గొట్టంలోనూ చాంబర్‌లోనూ పొడి పీలిక నడుపు.

మరి ఎక్కడ రాయాలి? తిరిగే పిన్నులకు పలచటి నూనె, జారి రాసుకునే చోట్లకు గ్రీజు. బోల్ట్‌ను బిగించి పట్టే పళ్లలాంటి లగ్గుల వెనకా, రాపిడితో మెరుగు తేలిన ప్రతి చోటా బియ్యపుగింజంత గ్రీజు వేలితో పామితే చాలు. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ నడిచే తుపాకీకి గ్రీజు మరీ ముఖ్యం, లేకపోతే రెండు లోహాలూ ఒకదాన్నొకటి పీక్కుంటాయి. దుమ్ము చోట నూనె ఇంకా తగ్గించు. పొడి గ్రాఫైట్ మంచిదని ఎవరైనా చెప్తే, అల్యూమినియం భాగాల మీద మాత్రం వాడకు. తేమ తగిలితే ఆ రెండిటి మధ్య తుప్పు మొదలవుతుంది.

ఇంట్లో ఉన్న నూనె వాడొచ్చా అన్నావు. కుట్టుమిషన్ నూనె పలచటి ఖనిజ నూనె, అవసరానికి పరవాలేదు, కానీ తుప్పును ఎక్కువ రోజులు ఆపదు. వంటనూనెలు మాత్రం వద్దే వద్దు. గాలి తగిలి జిగురవుతాయి. కొబ్బరినూనె అయితే 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. బ్రేక్ క్లీనర్ స్ప్రే మసిని ఒక్క దెబ్బకు వదిలిస్తుంది, నిజమే. కానీ చెక్క మీది మెరుగునూ, కొన్ని ప్లాస్టిక్‌లనూ తినేస్తుంది, లోహం మీద నూనె చుక్క కూడా మిగల్చదు. వాడకు.

నీ ఎయిర్ రైఫిల్‌కు ఇవేవీ వర్తించవు. స్ప్రింగు పిస్టన్ రకంలో, గాలి నొక్కుకునే గదిలో పెట్రోలియం నూనె పడితే, డీజిల్ ఇంజన్‌లో మాదిరి ఆ ఒత్తిడి వేడికే అంటుకుంటుంది. సీళ్లు పోతాయి. తయారీదారు చెప్పిన నూనె, చెప్పినంతే.

చెక్క బట్‌కు తుపాకీ నూనె తగలనివ్వకు. నిలబెట్టి దాచిన తుపాకుల్లో నూనె ఏళ్లపాటు కిందికి కారి, చెక్క మెత్తబడి నల్లబడటం చూశాను. ఎక్కువ నూనె రాశావంటే కొన్నాళ్లు మూతి కిందికి పెట్టు. చెక్కకు అవిసె నూనె మంచిది, అయితే ఆ నూనె అంటిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకు. ఆరుతూ వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. బయట విడివిడిగా పరిచి ఆరనివ్వు.

కిటికీలు తెరిచి, నైట్రైల్ గ్లౌజులు వేసుకుని పనిచెయ్యి. మసిలో సీసం ఉంటుంది, తినే బల్ల మీద ఈ పని పెట్టుకోకు. అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కో. చివరగా తుపాకీ బయటి లోహమంతా నూనె గుడ్డతో తుడువు, వేలిముద్రల చెమటే తుప్పుకు మొదలు. నురుగు పెట్టెలో పెట్టి మూసేయకు, అది తేమ పట్టుకుంటుంది.

కాబట్టి మసి ద్రావకం ఒకటి, మంచి తుపాకీ నూనె ఒకటి, చిన్న గ్రీజు ట్యూబు, రాడ్, బోర్ గైడ్, బ్రష్, ప్లాస్టిక్ జాగ్, నూలు పీలికలు. ఇంతే కొను. ఆదివారం మొదటిసారి విప్పేటప్పుడు ఫోన్ చెయ్యి. బోల్ట్ బయటికి తీశాక లగ్గుల వెనక మెరుగు ఎక్కడ తేలిందో ఫోటో తీసి పంపు, గ్రీజు ఎక్కడ పెట్టాలో చూసి చెప్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న